సిస్టర్లకు ఒత్తిడి లేదని రాసింది నేనే

శాలువా అంటే నాకు రోత. ఎమ్మిగనూరులో మగ్గం గుంత పక్కన పుట్టి పెరిగినదాన్ని, గుడ్డను చూసి ఆ మాట అనగూడదు. అయినా అంటాను. కోవిడ్ కాలంలో మా నర్సులకు నాలుగు సార్లు శాలువాలు కప్పినారు. నాలుగూ బుజం మీద నిలవని జారుడు గుడ్డలే. ఒకటి ఇంటికి తీసకపోతే మా నాయన రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపి చూసి, "ఇదేం గుడ్డమ్మా, చెమట గూడా పీల్చదు. ఎవురిచ్చినారో గానీ నీ మీద శానా గౌరవం ఉన్నట్లుందిలే" అన్నాడు. దాన్ని మిక్సీ మీద కప్పి పెట్టుకున్నాం.

నేను స్టాఫ్ నర్సును. ఇరవై ఏండ్లుగా ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి బస్సులో పోయి వస్తాండే మనిషిని. సెకండ్ వేవ్‌లో ఊరి బయట ఒక పాత హాస్టలు బిల్డింగులో మంచాలు పరిచి, ఆక్సిజన్ పైపులు లాగి, ఇదే కోవిడ్ వార్డు అన్నారు. నన్ను ఆడికి ఇన్‌చార్జి సిస్టర్‌గా వేసినారు. నా కింద పద్నాలుగు మంది నర్సులు, అందరూ కాంట్రాక్టు పిల్లలే. కాంట్రాక్టు అంటే తెలుసు గదా, ఎప్పుడు తీసేస్తారో దేవునికి గూడా తెలీదు. నేను చెప్పబోయేది ఆ పద్నాలుగు మందిలో ఒక పిల్ల సంగతి. చెప్పాలంటే ముందు నా మీద నాకే అసయ్యం వేస్తాది. అయినా చెప్తాను.

ఆ పిల్ల ఆదోనిలో ఒక దర్జీ కూతురు. ఇరవై ఆరేండ్లు ఉంటాయి. నన్ను "అక్కా" అని పిలుస్తాండె. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. మేనత్త వాళ్ళది కర్ణాటకలోని సిరుగుప్ప, అందుకని కన్నడం గూడా గడగడా మాట్లాడేది. మూడు భాషలు రావడమే ఆ పిల్ల నెత్తికి చుట్టుకునింది.

వార్డులోకి పేషెంటు మనుషుల్ని రానిచ్చేది లేదు. అందరూ ఇనప గేటు బయట రోడ్డు మీదనే. ఆస్పరి నుంచి, పత్తికొండ నుంచి, కర్ణాటక పల్లెల నుంచి వచ్చి ఆ ఎండలో టవల్ నెత్తిన కప్పుకొని కూర్చుంటాండ్రి. లోపల మనిషి పోతే బయటికి వచ్చి ఆ మాట ఎవురో ఒకరు చెప్పాల. రూలు ప్రకారం డాక్టరు చెప్పాల. డాక్టరు నా వైపు చూసి, "సిస్టర్, కొంచెం మీరే చెప్పేయండి" అనేసి లోపలికి పోతాడు. నేను చెప్పాల. మొదటి వారం చెప్పినా. రెండో వారం ఒకాయన గేటు ఊచల్లోంచి చెయ్యి పెట్టి నా చేతి గ్లౌజు పట్టుకొని వదలకుండా ఏడ్చినాడు. ఆ దినం నుంచి ఆ గేటు కాడికి పోకుండా ఉండేదానికి సాకులు వెతుక్కుంటాంటి.

అప్పుడే ఒక తూరి ఉర్దూ మాట్లాడే కుటుంబం ఒకటి వచ్చింది. ఈ పిల్లను పంపినా. ఈ పిల్ల పోయి నేరుగా చెప్పలేదు. "ఎవురెవురు వచ్చినారు? ఏమన్నా తిన్నారా? కాసిన్ని నీళ్ళు తాగండి" అని వాళ్ళ మాటల్లోనే అడిగి, అందరినీ నీడకు కూర్చోబెట్టి, నీళ్ళ బాటిళ్ళు ఇచ్చి, తాగినాక మెల్లగా చెప్పింది. వాళ్ళు ఏడ్చినారు గానీ గేటు మీద పడలేదు. ఎవురినీ తిట్టలేదు. పొయ్యేముందు ఆ పెద్దామె ఈ పిల్ల తల మీద చెయ్యి పెట్టి దీవించి గూడా పోయింది.

మా నర్సుల్లో ఒక అలవాటు ఉండాది. ఎవురికి ఏ పని చెయ్యి తిరిగితే ఆ పని వాళ్ళ మెడకే కడతాం. చంటిబిడ్డకు నరం దొరకబట్టి సూది వేసే చెయ్యి ఒకరిది ఉందనుకో, ఇంగ ఆమె టీ తాగుతున్నా, కాళ్ళు లాగుతాండాయని కూర్చున్నా, ఏ బిడ్డ ఏడ్చినా ఆమెకే పిలుపు. ఆమెకూ అలసట ఉంటాదని ఎవురికీ గుర్తు రాదు. మెత్తగా ఉంటే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా పెద్దోళ్ళు! ఆ దినం సాయంత్రానికే వార్డంతా ఒకటే మాట: "ఆ పిల్ల బాగా చెప్తాది." డాక్టరు అదే అన్నాడు, వార్డు బాయ్ అదే అన్నాడు. అందరికంటే ముందు అన్నది నేను. గేటు పని ఏ డ్యూటీ చార్టులోనూ లేదు. అయినా అది ఆ పిల్లదే అయిపోయింది.

లోపల పోయేది రోజుకు ఇద్దరు, ముగ్గురు. కొన్ని దినాలు అంతకంటే ఎక్కువ. నెల తిరక్కముందే గేటు కాడ జనానికి ఒక సంగతి అర్థమైంది. ఈ పిల్ల వచ్చి నీళ్ళు తాగండి అనిందంటే ఇంగ అంతే. ఒకసారి పత్తికొండ దిక్కు నుంచి టమాటా రైతు ఒకాయన వచ్చినాడు. భార్య లోపల ఉంది. ఆమెకు బాగయింది, మర్నాడు ఇంటికి పంపించాల. ఆ మంచి మాట చెప్పేదానికే ఈ పిల్లను పంపినా. మిట్టమధ్యాన్నం, పాపం ఆయన మొగం ఎండకు వాడిపోయి ఉంటే, ఈ పిల్ల ముందు "అన్నా, నీళ్ళు తాగినావా?" అనింది. ఆయన అట్లే నేల మీద పడి పొర్లి పొర్లి ఏడ్చినాడు. "బతికే ఉందన్నా, రేపు పంపిస్తారన్నా" అని ఎంత చెప్పినా ఆయన చెవికెక్కలేదు. ఈ పిల్ల లోపలికి వచ్చి గోడకు ఆనుకొని నిలబడింది. ఏడవలేదు. "అక్కా, నేను ఇంగ మంచి మాట గూడా చెప్పలేను" అనింది. నేను ఏమన్నానో తెలుసా? "పోనీలే పాపా, ఆరో నంబరుకు సెలైన్ అయిపోయింది, చూడుపో" అన్నా.

కొన్ని దినాలకు వాళ్ళమ్మ నన్ను వెతుక్కుంటా వచ్చింది. బురఖా పైకెత్తి చెమట తుడుచుకుంటా, "సిస్టరమ్మా, మా బిడ్డ ఇంట్లో మాట్లాడేది లేదు. సుట్టాలొస్తే నీళ్ళు ఇయ్యమంటే ఇయ్యదు. చెంబు ఆడ పెట్టేసి లోపలికి పోయి తలుపేసుకుంటాది. దాన్ని ఆ గేటు కాడికి పంపొద్దమ్మా. లోపల ఎంత చాకిరీ అయినా చేయించుకోండి" అనింది. "చూస్తాంలేమ్మా" అన్నా. చూస్తాంలే అనే మాట మా శాఖలో అందరికీ నేర్పించి పంపిస్తారు. చూసింది లేదు, పెట్టింది లేదు.

ఆ వేవ్ తగ్గుముఖం పట్టినాక పైనుంచి ఒక ఆర్డరు వచ్చింది. వైద్య సిబ్బంది మనసుకు ధైర్యం చెప్పే సదస్సు అంట. ఎంత చక్కటి మాట! వినగానే నాకు గూడా రవంత ఆశ పుట్టింది, అబద్ధమెందుకు చెప్పాల. ఎవురో ఒకరు మమ్మల్ని కూర్చోబెట్టి, ఏమయిందమ్మా అని అడుగుతారేమో అనుకున్నా.

పొద్దున పది గంటలకు అన్నారు. డ్యూటీ దిగిన పిల్లల్ని గూడా ఇంటికి పోనీకుండా ఆపినారు. వచ్చే పెద్దమనిషి ఒంటి గంటకు వచ్చినాడు. అంతవరకూ ఆ పిల్లలు ప్లాస్టిక్ కుర్చీల్లో తలలు వేలాడేసి నిద్రపోతాండ్రి. ఆయన పట్నం నుంచి వచ్చిన మనసు డాక్టరంట. గోడ మీద సినిమా మాదిరి బొమ్మలు వేసి చూపిచ్చినాడు. సముద్రం, సూర్యోదయం, నవ్వే తెల్లదొరసాని. "మీ జీవితంలో మూడు మంచి విషయాలు తలుచుకోండి" అన్నాడు. తరువాత "అరచేతులు గట్టిగా రుద్దుకొని కండ్ల మీద పెట్టుకోండి, వెచ్చదనం తెలుస్తుంది" అన్నాడు. అయ్యా మహానుభావా, రోజుకు యాభైసార్లు శానిటైజర్ రాసి రాసి మా చేతులు పొట్టు లేచి పుండ్లయి ఉంటే, ఏమి రుద్దేది? రుద్దమన్నాడు గదా అని ఒక పిల్ల నిజంగానే రుద్ది కండ్ల మీద పెట్టుకొని "అమ్మా" అని అరిచింది. కండ్లు ఎర్రగా అయిపాయె. ఆయన నవ్వి, "చూశారా, ఎంత ఒత్తిడి దాచుకున్నారో, ఇప్పుడు బయటికి వస్తోంది" అన్నాడు. ఛీ, చెప్పేటోనికి వినేటోడు లోకువ! నాకు లేచి ఆ బొమ్మల మిషను వైరు పీకేయాలనిపించింది. పీకలేదు. మేమెప్పుడూ ఏమీ పీకం.

తరువాత ఫొటోలు. "నవ్వండి సిస్టర్, కొంచెం నవ్వండి" అని ఫొటోగ్రాఫరు. వెనక బ్యానరు కనబడాలంట, పొడుగు పిల్లలు కిందికి వంగాలంట. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తాంటే చుట్టకు నిప్పడిగినాడంట ఇంగొకడు. పెద్దోళ్ళు ఒక రూములో కూర్చొని బిర్యానీ తినిరి. మాకు పొద్దున తెచ్చిన బొరుగుల ఉగ్గాని, చల్లబడి గట్టిపడినది. బజ్జీలు మెత్తగా గుడ్డ పేలికల మాదిరి అయినాయి. ఆకలికి అదే తిన్నాం.

పొయ్యేముందు ఫారాలు పంచినారు. ఇరవై ప్రశ్నలు. నిద్ర పడుతుందా, ఆకలి వేస్తుందా, ఊరికే ఏడుపు వస్తుందా, పని అంటే భయంగా ఉందా. చివర్లో నాలుగు గీతల ఖాళీ: మీకు ఏ సహాయం కావాలి? గుమాస్తా నా కాడికి వచ్చి, "మేడం, పదహైదు ఫారాలూ సాయంత్రం లోపల నింపి ఇస్తే మెయిల్లో పంపాల" అన్నాడు. పిల్లలు అలవాటు ప్రకారం ఖాళీ ఫారం కింద సంతకం పెట్టి నా ముందర పడేసి, "అక్కా, నువ్వే నింపుకో, మాకు బస్సు పోతాది" అని వెళ్ళిపోయినారు.

దాంట్లో ఆశ్చర్యం ఏం లేదు. రిజిస్టర్లు మేమట్లనే నింపుతాం. తనిఖీకి ఎవురన్నా వస్తాండారంటే ముందు దినం ఒక మనిషి కూర్చొని నెల దినాల చార్టులు ఒక్క బిగిన రాసేస్తాది. జ్వరం చార్టులో అందరికీ నార్మల్. కాగితం నిండుగా, చేతిరాత చక్కగా ఉంటే ఎవురూ ఏమీ అడగరు. నిజం రాస్తే దానికి మల్ల సంజాయిషీ రాయాల. ఆ పనిలో నాకు మంచి పేరుండాది. మా నాయన మగ్గం మీద ఒక్క పోగు తెగినా ఆపి, ముడేసి గాని నేత ముందుకు పోనీడు. ఆయన కూతుర్ని నేను, తెగినవన్నీ తెగలేదని రాసే పనిలో ఆరితేరినా.

పద్నాలుగు ఫారాలు టకటకా నింపేసినా. నాది గూడా కలుపుకొనే ఆ లెక్క. నిద్ర పడుతుంది. ఆకలి వేస్తుంది. ఏడుపు లేదు. భయం లేదు. లేదు, లేదు, లేదు.

ఒక్క ఆ పిల్ల మాత్రం పోలేదు. మెట్ల మీద కూర్చొని, తొడ మీద అట్ట పెట్టుకొని, పరీక్ష రాసినట్లు తానే రాసింది. రాసి, నాకిచ్చి పోయింది. నేను చదివినా.

నిద్ర: పడదు. పడితే గేటు కనపడుతుంది. ఆకలి: అమ్మ కోసం తింటాను. ఏడుపు: రాదు, వస్తే బాగుండును. భయం: గేటు అంటే భయం, నీళ్ళ బాటిల్ అంటే భయం. చివర్లో సహాయం కాడ నాలుగు గీతలూ నిండా రాసింది. "నన్ను గేటు దగ్గరికి పంపవద్దు. ఒక నెల చాలు. లోపల ఎంతమంది పేషెంట్లనైనా చూస్తాను. నాకు పని అంటే ఇష్టం. నేను చెడిపోకముందే ఎవరైనా నన్ను అడగండి."

ఆ ఫారాన్ని నేను పైకి పోనీలేదు. ఇప్పుడు ఎవురన్నా అడిగితే నేను చెప్పే సమాధానం ఒకటుంది: కాంట్రాక్టు పిల్ల, మనసు బాగలేదని కాగితం మీద పడితే రెన్యువల్ చెయ్యరు, తిక్కది అని పేరు పెడతారు, ఆ పిల్ల మంచికే చేసినా అని. అది నిజమే. కానీ దాని కింద ఇంగో నిజం ఉండాది. ఆ పిల్లను గేటు నుంచి తీస్తే ఆడికి పోవల్సింది నేను. ఆ మాట నా మనసులో ముందు వచ్చింది. ఆ పిల్ల మంచి అనేది తరువాత వచ్చింది. థూ, నా బతుకు!

ఫారం నాలుగు ముక్కలు చేసి, వాడిన సూదులు వేసే డబ్బాలో వేసినా. ఖాళీ ఫారం ఇంగొకటి తీసి ఆ పిల్ల పేరు రాసి, వరసగా లేదు, లేదు అని నింపి, చివర్లో "ఏ సహాయమూ అవసరం లేదు" అని రాసి, హాజరు పట్టీ చూసి ఆ పిల్ల సంతకం గూడా నేనే దించినా. పదహైదు ఫారాలూ గుమాస్తాకు ఇచ్చి ఆరు గంటల బస్సెక్కినా.

నెలకో ఏమో, పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. మా వార్డు సిబ్బందిలో ఒత్తిడి లేదంట, మిగతా చోట్ల మమ్మల్ని చూసి నేర్చుకోవాలంట. నాకు ప్రశంసా పత్రం. చేతిలో పెట్టి చప్పట్లు కొడితే, ఆ చప్పట్లు కొట్టేవాళ్ళలో ఆ పిల్ల గూడా ఉండాది. తాను రాసింది పైదాకా పోయిందని, రేపో మాపో ఎవురో ఒకరు పిలిచి అడుగుతారని ఎదురుచూస్తాందని నాకు తెలుసు. "అక్కా, ఆ ఫారాలకు ఏమన్నా జవాబు వచ్చిందా?" అని రెండు సార్లు అడిగింది గూడా. "వస్తాదిలే, గవర్మెంటు పని గదా" అన్నా.

మల్ల మూడో వేవ్ వస్తాదని మాట మొదలైంది. వార్డు మల్ల కడిగినారు, పైపులు చూసినారు. ఈసారి పక్కాగా డ్యూటీ చార్టు వేసి గోడకు అతికించినారు. దాంట్లో కొత్తగా ఒక గడి: బంధువులకు సమాచారం. దాని కింద ఒకే పేరు, ఆ పిల్లదే. అంతవరకూ నోటిమాటగా ఉన్న పని ఇప్పుడు కాగితానికి ఎక్కింది.

ఆ పిల్ల దాన్ని చూసి, ఒక అర్జీ రాసుకొని నా కాడికి వచ్చింది. "అక్కా, నువ్వు గూడా నాతో పెద్ద డాక్టరు కాడికి రా. నా ఫారం ఆఫీసులో ఉంటాది గదా, దాంట్లో అంతా రాసినా. అది చూపిస్తే నమ్ముతారు" అనింది. ఆ ఫైల్లో ఏం కాగితం ఉందో నాకు తెలుసు. అయినా పోయినా. పోకుంటే అనుమానం వస్తాదని పోయినా, అదీ నా నీతి.

పెద్ద డాక్టరు చెడ్డోడు కాదు. ఆయన కండ్ల కింద గూడా నల్లగా సంచులు వేలాడతాండె. అర్జీ చదివి, "ఫారం నింపినావా?" అని అడిగి, గుమాస్తాతో ఫైలు తెప్పించినాడు. తిప్పి తిప్పి ఒక కాగితం కాడ ఆగి, "ఇందులో ఏమీ లేదని రాసినావు కదమ్మా. ఏ సహాయమూ అవసరం లేదని నువ్వే రాసినావు" అని ఆ పిల్ల వైపు తిప్పి పెట్టినాడు.

ఆ పిల్ల వంగి చూసింది. నా చేతిరాత ఆ పిల్లకు తెలీకుండా ఎట్ల ఉంటాది? రోజూ డ్యూటీ మారేటప్పుడు నేను రాసిన పుస్తకం చదువుకొనే పని మొదలుపెట్టేది. మెల్లగా తల తిప్పి నన్ను చూసింది. ఇప్పుడన్నా నోరు తెరవాల. సార్, ఇది నేను రాసినా అనాల. నాలుగు మాటలు. నా ఉద్యోగం పర్మినెంటు, మహా అయితే ఒక మెమో ఇస్తారు. నా నోరు లేవలేదు.

"సంతకం నీదేనా?" అన్నాడు డాక్టరు.

"నాదే సార్" అనింది ఆ పిల్ల.

"మరి ఇప్పుడేమయింది?"

"ఏం లేదు సార్" అని అర్జీ మడిచి చేతిలో పెట్టుకొని బయటికి వచ్చింది. నన్ను కాపాడింది. నేను ఆ పిల్లను కాపాడతాండానని చెప్పుకొని చేసిన పనికి, ఆ పిల్ల నిజంగా కాపాడింది.

మూడో వేవ్‌లో సావులు తక్కువే. అయినా ఉన్న అన్నింటికీ ఆ పిల్లే గేటు కాడికి పోయింది. వేవ్ అయిపోయినాక కాంట్రాక్టు కాగితం మీద సంతకం పెట్టలేదు. నర్సు పనే వదిలేసింది. పోయినాక నేను పెద్ద డాక్టరు కాడికి పోయి జరిగింది జరిగినట్లు చెప్పినా. ఆయన "ఇప్పుడెందుకమ్మా ఇవన్నీ, ఆ ఫైలు ఎప్పుడో పైకి పోయింది" అన్నాడు. తిట్టింటే బాగుండు.

పోయిన నెల ధైర్యం చేసి ఆదోనిలో వాళ్ళ నాయన టైలరింగ్ అంగడికి పోయినా. ఆ పిల్ల లోపల చాప మీద కూర్చొని జాకెట్లకు హుక్కులు కుడుతాంది. నన్ను చూసి లేచి, కుర్చీ వేసి, "కూర్చో అక్కా" అనింది. కోపం లేదు, నవ్వూ లేదు. మూడేండ్లుగా కడుపులో పెట్టుకున్నదంతా ఒక్కసారి కక్కేసినా. నీ ఉద్యోగం పోతాదని భయపడినానని, నీ మంచికే అనుకున్నానని, గేటు కాడికి నేను పోలేక నిన్ను వదిలేసినానని, అన్నీ చెప్పినా. ఏడ్చినా గూడా. ఆ పిల్ల వింటానే హుక్కు కుట్టి, దారం పంటితో కొరికి, ఇంగో జాకెట్టు ఒడిలోకి తీసుకునింది.

"ఆ కాగితాలు ఎవురూ సదవరని మన పిల్లలంతా అన్నారక్కా" అనింది. "ఎవురన్నా ఒక్కరు సదివితే సాలనుకొని రాసినా. నువ్వు సదివినావు."